నత్తలతో మా సంఘం పడ్డ పాట్లు (వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ మాట్లాడిన మాటలు)



పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు కోశాధికారి అక్క చదివింది కాబట్టి నేను వాటి జోలికి పోను. నన్ను నత్తల గురించి మాట్లాడమన్నరు. వెనక వరుసలో కొందరు నవ్వుతున్నరు, నాకు కనబడుతున్నది. నవ్వండి, ఏం ఫరవాలేదు. పోయిన బోనాల టైంకు మేం కూడ నవ్వినం.

మా సంఘంల పదిమందిమి. అందులో ఐదుగురం కలిసి లాలాగూడ వైపు ఒక ఖాళీ జాగ కిరాయికి తీసుకొని మొక్కలు పెంచుతున్నం. బ్యాంకు లింకేజీ అప్పులో మా ఐదుగురి వాటా పెట్టి షేడ్‌నెట్ వేసినం, నీళ్ళ ట్యాంకు, కుండీలు కొన్నం. తోటకూర, పాలకూర, పుంటికూర కోసి మోండా మార్కెట్‌కు పంపుతం. మిద్దె మీద పెంచుకునేవాళ్ళకు కుండీల్లో మొక్కలు అమ్ముతం. అన్నిటికంటే ముఖ్యం బంతి, సీతజడ. ఆషాఢంలో నారు పోస్తే బతుకమ్మకు, దసరాకు పువ్వు చేతికొస్తది. మా ఏడాది కిస్తీల్లో సగం ఆ పండుగ పది రోజుల పూలతోనే కడతం. అందుకే బంతి నారు పోయిందంటే మాకు నారు పోవుడు కాదు, కిస్తీ పోవుడు.

ఒకరోజు పొద్దున పోయి చూస్తే నారుమడి కొడవలి పెట్టి కోసినట్టు ఉంది. కాడలే మిగిలినయి. ముందు పక్క బస్తీ మేకల మీద అనుమానం వచ్చింది. మేకలవాళ్ళతో కొంచెం మాటామాటా కూడ అయింది. ఎలుకలేమో అని ఒకరన్నరు. మూడో రోజు మా సంఘంల పెద్దావిడ గోడ మీద ఎండిన జిగట చార చూపించింది. ఎండ పడితే వెండి తీగలాగ మెరుస్తున్నది. ఆ రాత్రి వాన ఆగినంక తొమ్మిదిన్నరకు టార్చిలైటు పట్టుకొని పోయినం. గోడ మీద, ట్యాంకు కింద, కుండీల అంచుల మీద, పుంటికూర ఆకుల మీద, ఎక్కడ లైటు వేస్తే అక్కడ నత్తలు. చెరువుల దగ్గర చూసే గుండ్రటి నత్తగుల్లలు కావు. పొడుగ్గా, మొన తేలి, గోధుమ రంగు మీద చారలతో, కొన్నయితే నా అరచేయి అంత ఉన్నయి.

ఫొటోలు తీసి తోటల శాఖల పనిచేసే ఒక మేడమ్‌కు చూపిస్తే పేరు చెప్పింది. దీన్ని ఆఫ్రికా రాక్షస నత్త అంటరు. పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. మన దేశానికి అది నడుచుకుంట రాలేదు. 1847లో బెన్సన్ అనే ఇంగ్లీషు దొర, గుల్లలంటే ఇష్టమున్నాయన, మారిషస్ నుంచి కొన్ని తెచ్చి కలకత్తాల చౌరంగీ దగ్గర తోటలో వదిలిపెట్టిండు. అక్కడి నుంచి మెల్లగ దేశమంత పాకింది. కేరళల ఇళ్ళ గోడలు కనబడనంతగ వచ్చిన ఊళ్ళున్నయి. మన సికింద్రాబాద్‌ల కూడ మిలిటరీ జాగల వైపు, చెట్లు పెంచిన చోట ఇవి బయటపడ్డయని కొన్నేళ్ళ కింద పేపర్ల వచ్చింది. అప్పుడు మనం చదివి పక్కన పెట్టినం. ఇప్పుడు మన గోడ ఎక్కింది.

ఇది ఎట్ల వస్తది అనేది మీరందరు వినాలె, ఎందుకంటే ఇక్కడ కూర్చున్నవాళ్ళల్ల సగం మంది ఏదో ఒక మొక్క కొంటరు, లేకుంటే అమ్ముతరు. నత్త నడక ఎంతో మీకు తెలుసు. అది ఒక బస్తీ నుంచి ఇంకో బస్తీకి తనంతట తాను పోవాలంటే ఏళ్ళు పడుతది. దాన్ని మోసేది మనమే. కుండీ మట్టిల, ఎర్రమట్టి లోడుల, ఎరువు బస్తాల, ఇటుకల సందుల గుడ్లు వస్తయి. గుడ్డు సగ్గుబియ్యం గింజంత ఉంటది, కొంచెం పసుపు తిరిగిన తెలుపు. మట్టిల రెండు అంగుళాల లోపల ఉంటే ఎవరికి కనబడుతది? మేం ఎండాకాలం చివర్ల ఒక నర్సరీ నుంచి పూలమొక్కలు ఆటోల తెచ్చుకున్నం. ఏ నర్సరీ అని అడగకండి, చెప్పను. వాళ్ళకు కూడ తెలియకుండనే వచ్చి ఉంటది.

ఇంక దాని సంతానం సంగతి. ఈ నత్తల్ల ఆడ మగ అని వేరే ఉండది. ప్రతి నత్త గుడ్లు పెడుతది. ఒక్కసారికి 200 దాకా, ఏడాదికి ఐదారు సార్లు. ఒకసారి జతకట్టినంక నెలల తరబడి మళ్ళ జత లేకుండనే పెట్టగలదు. ఐదారేళ్ళు బతుకుతది. మా లెక్కలు రాసే చెల్లె కాల్‌క్యులేటర్ తీసి ఒక్క నత్తకు ఏడాదికి 1,200 అని చెప్పంగనే అందరం నోరు మూసుకున్నం.

అమెరికాల జరిగిన ఒక ముచ్చట చెప్తా. 1966లో మయామీ పట్నంల ఒక పిల్లగాడు హవాయి దీవులకు పోయి వస్తూ మూడు నత్తలు జేబులేసుకొని వచ్చిండట. ఇంట్ల వాళ్ళ నాయనమ్మో అమ్మమ్మో వాటిని తోటలోకి విసిరేసింది. మన ఇంట్ల పెద్దమ్మలు చేసే పనే కదా. ఏడేళ్ళల్ల అవి 18,000 దాటినయి. అన్నిటినీ ఏరి అంతం చేయడానికి దగ్గర దగ్గర పదేళ్ళు, పది లక్షల డాలర్లు పట్టింది. 2011లో మళ్ళ కనబడితే ఇంకో పదేళ్ళు వెతికిన్రు. అంత పైసలున్న సర్కారుకే అంత కష్టమైతే మన దగ్గరేముంది, ఐదుగురం ఆడవాళ్ళం, రెండు బకెట్లు.

మాకు తెలిసిన ప్రతి ఒక్కరు ఒక ఉపాయం చెప్పిన్రు. మా సంఘంల ఒకామె కుండీల చుట్టు దొడ్డుప్పు పోసింది. నత్తలు చచ్చినయి, నిజమే. రాత్రి వాన పడి ఉప్పంత కరిగి మట్టిల దిగింది. వారంల ఆ వరుస పాలకూర అంచులు మాడి పండిపోయింది. మట్టి చవుడైతే మళ్ళ బాగుచేసుడు ఎంత కష్టమో ఎవుసం చేసిన ఇంట్ల పుట్టినవాళ్ళకు తెలుసు. ఈ సంగతి సభల చెప్పమని ఆమెనే నాతో అన్నది. ఉప్పు వాడండి, కాని బకెట్‌ల నీళ్ళల్ల వాడండి, నేల మీద కాదు.

ఇంకొకరు కోడిగుడ్డు పెంకులు చల్లమన్నరు. నెల రోజులు టిఫిన్ సెంటర్ల నుంచి పెంకులు అడుక్కొచ్చినం. నత్తలు పెంకుల మీదికెల్లే పోయినయి. తరువాత తెలిసింది, ఇంగ్లాండుల రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వాళ్ళు 2018లో ఇట్లాంటి ఇంటి చిట్కాలు, పెంకులు, రాగి పట్టీలు, రాళ్ళ పొడి లాంటివి పరీక్ష చేసి చూస్తే ఏ ఒక్కటి పెద్దగ పనిచేయలేదట. పైగా ఈ నత్తకు గుల్ల కట్టుకోవడానికి సున్నం కావాలె. అందుకే కొత్తగ సున్నం వేసిన గోడలు, సిమెంటు గోడలు గీరి తింటది. అంటే పెంకులు దానికి అడ్డం కాదు, ఫలహారం.

మందుల షాపుల మెటాల్డిహైడ్ గుళికలు అమ్ముతరు. అవి పనిచేస్తయి, కాదనను. కాని మా జాగల పిల్లలు ఆడుతరు, వీధికుక్కలు తిరుగుతయి. ఆ గుళికలు కుక్క తింటే ఫిట్స్ వచ్చి చచ్చిపోతది. పొద్దున కోసి సాయంత్రం మార్కెట్‌ల అమ్మే ఆకుకూర నడుమ విషం పెట్టుడు మాకు ఒప్పలేదు. కొనేది మనలాంటి తల్లులే.

బాతులు పెంచమని ఒకాయన అన్నడు. బాతులు చిన్న నత్తలు తింటయి, మా పాలకూర కూడ తింటయి. జెముడుకాకి ఈ నత్తలను పొడిచి తింటది, మా దగ్గర ఒక జంట ఉంది. ఆ చింతచెట్టు కొమ్మ కొట్టించవద్దని ఓనర్‌ను బతిమాలినం. అంతకుమించి ఏదో జంతువును తెచ్చి వదిలే ఆలోచన వద్దు. హవాయిల 1955లో నత్తలను తినే ఇంకో నత్తను తెచ్చి వదిలితే, అది ఈ రాక్షస నత్తను వదిలేసి ఆ దీవుల్ల పుట్టిన చిన్న చిన్న నత్తలను తిని, ఎన్నో జాతులను లేకుండ చేసింది.

మాకు పనిచేసింది చేతితో ఏరుడే. దీనికి దగ్గరి దారి లేదు. కాని ఏరుడుల కూడ ఒక పద్ధతి ఉంది. సాయంత్రం గోనె సంచి నీళ్ళల్ల తడిపి నేల మీద పరిచి, దాని కింద క్యాబేజీ పై ఆకులు, బొప్పాయి ఆకులు, తొక్కలు పెట్టాలె. మోండా మార్కెట్‌ల క్యాబేజీ పై ఆకులు ఊరికే పడేస్తరు, ఒక సంచి తెచ్చుకుంటే చాలు. ఆ కుళ్ళిన వాసనకు రాత్రి నత్తలు సంచి కిందికి చేరుతయి. తెల్లారి ఎండ రాకముందే సంచి ఎత్తితే ఒక్కచోటే దొరుకుతయి. మేం ఎనిమిది సంచులు పరిచినం. మొదటి పొద్దున నాలుగు బకెట్లు నిండినయి. పదో రోజుకు ఒక బకెట్. సంచి తడి ఆరకుండ చూసుకోవాలె, ఎండిన సంచి కింద ఒక్కటి కూడ ఉండది.

చేతికి తొడుగులు లేకుండ ముట్టవద్దు. తొడుగు లేకుంటే పాలిథిన్ కవర్ రెండు మడతలు వేసుకోండి. ఇది సోకు కోసం చెప్తలేను. ఎలుకల ఊపిరితిత్తుల్ల ఉండే ఒక పురుగు ఉంటది. ఎలుక పెంటల దాని పిల్లలు బయటికి వస్తయి, ఆ పెంట తిన్న నత్తల పెరుగుతయి. ఆ నత్తను పచ్చిగ గాని అరకొరగ ఉడికించి గాని తిన్నా, ఆకుల నడుమ దాక్కున్న చిన్న నత్త తెలియకుండ కడుపులకు పోయినా, ఆ పురుగు మనిషి మెదడు పొరలకు వాపు తెస్తది. ఇక్కడ గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ అక్కలున్నరు. మీ దిక్కు చెరువు నత్తల కూర తింటరు, అది మీ అలవాటు, నేనేమనను. కాని ఈ నత్తను వండుకోవద్దు. ఆకుకూర అమ్మేవాళ్ళం, కొనేవాళ్ళం ఆకు ఆకు విడదీసి పారే నీళ్ళల్ల కడగాలె, బాగా ఉడికించాలె. కొత్తిమీర, పుదీన పచ్చిగ తింటం కాబట్టి ఇంకా జాగ్రత్త. పిల్లలు గుల్లలతో ఆడుకోవద్దు. మా బస్తీ పోరలు "నత్తకు రూపాయి ఇస్తవా అక్కా" అని వచ్చిన్రు. నేను ఒప్పుకోలేదు. పది రూపాయల కోసం పిల్లలు ఉత్త చేతులతో ముడుతరు, అదే చేతితో బిస్కట్ తింటరు.

ఏరినవాటిని ఏం చేయాలె? కొందరు నాలాల వేసిన్రు, కొందరు చెత్త ఆటోల వేసిన్రు. అట్ల చేస్తే ఇంకో బస్తీకి మనమే పంపినట్టు. చెప్పుతో తొక్కుడు కూడ మంచిది కాదు, లోపలి గుడ్లు మట్టిల పడుతయి, జిగట అంతట అంటుతది. బకెట్‌ల నీళ్ళు పోసి దోసిళ్ళతో ఉప్పు కలిపి, ఆ చిక్కటి ఉప్పునీళ్ళల్ల వేసి మూత పెట్టి బరువు పెట్టాలె. మూత లేకుంటే ఎక్కి పోతయి, మేం చూసినం. చచ్చినంక మొక్కలకు దూరంగ లోతు గుంట తీసి, పొడి సున్నం చల్లి పూడ్చాలె. ఉప్పునీళ్ళు మొక్కల దిక్కు పారబోయవద్దు.

గోడ పగుళ్ళల్ల, చేయి పట్టని సందుల్ల ఉన్నవాటికి కేరళ అటవీ పరిశోధన సంస్థ వాళ్ళు చెప్పిన ద్రావణం వాడినం. 25 గ్రాముల పొగాకు లీటరున్నర నీళ్ళల్ల కాచి వడగట్టాలె. వేరే ప్లాస్టిక్ బకెట్‌ల లీటరు నీళ్ళకు 60 గ్రాముల మైలుతుత్తం కరగబెట్టాలె. ఇనుప బకెట్ వద్దు, తుత్తం ఇనుమును తింటది. రెండూ కలిపి వడపోసి నత్తల మీద కొట్టాలె. ఇది గోడలకు, బండల సందులకే. ఆకుకూర మీద, వానపాములున్న మడి మీద మేం కొట్టలేదు, మీరు కూడ కొట్టవద్దు. మూతికి గుడ్డ కట్టుకోండి, పొగాకు నీళ్ళు కూడ విషమే.

శ్రావణమాసం వచ్చింది. మా పెద్దావిడ వచ్చి, "వరలక్ష్మి వ్రతం చేసుకునే నెలల ఇన్ని జీవాలను చంపుడు ఏందే" అన్నది. అందరం ఊకున్నం. ఆమె మాట తీసిపడేసేది కాదు. నేను, "బకెట్ పని నీకొద్దు పెద్దమ్మా, సంచులు తడుపుడు, ఆకులు పెట్టుడు నువ్వు చూడు" అన్న. నాలుగు రోజులు అదే చేసింది. ఐదోనాడు మిగిలిన బంతి మొక్కల్ల రెండు వరుసలు మళ్ళ తినేసినయి. ఆ రాత్రి టార్చిలైటు ఆమె చేతిలనే ఉంది. ఎవరం ఏమీ అనలేదు.

ఇప్పుడు అసలు గొడవ చెప్తా. శ్రావణంలోనే మాకు ఒక పెద్ద అపార్ట్‌మెంటు నుంచి కుండీ మొక్కలకు ఆర్డర్ ఉంది. అడ్వాన్స్ తీసుకున్నం. కుండీలు చూస్తే పైకి శుభ్రంగనే ఉన్నయి. నేను ఒక కుండీ కుమ్మరిస్తే అడుగున సగ్గుబియ్యం లాగ గుడ్లు. ఆ వారం సంఘం మీటింగు రాత్రి తొమ్మిదిన్నర దాకా నడిచింది. "పై నుంచి ఏం కనబడదు, ఇచ్చేద్దాం, వాళ్ళ ఇంట్ల వచ్చినంక మనకేం సంబంధం" అన్నవాళ్ళున్నరు. ఆ మాట అన్నామె చెడ్డది కాదు. ఆమె భర్త ఆటో నడుపుతడు, ఆ నెల పిల్లల స్కూల్ ఫీజు ఆ పైసల మీదనే ఉంది. ఆమె ఏడ్చింది. "మాకు నర్సరీవాళ్ళు ఇచ్చిందే కదా, మేం ఇంకొకరికి ఇస్తే తప్పేంది" అని ఇంకొకరు. నేను ఒకటే అడిగిన: మన దగ్గరికి ఇవి ఎట్ల వచ్చినయో మనకు తెలుసు, మనల్ని ఆ రోజు ఎవరన్న ఆపి చెప్పి ఉంటే బాగుండునా వద్దా?

చివరికి ఏడుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. అడ్వాన్స్ తిరిగి ఇచ్చినం. ఆ సీజన్ మట్టితో ఉన్న ఏ మొక్క బయటికి పోవద్దని తీర్మానం రాసుకున్నం. పువ్వు, కడిగిన ఆకుకూర మాత్రం అమ్మినం. ఫీజు కోసం ఆమెకు సంఘం పొదుపు లోంచి అంతర్గత అప్పు ఇచ్చినం. రెండు కిస్తీలు కూడ అట్లనే పొదుపు లోంచి కట్టినం, బ్యాంకుల మాత్రం ఒక్కరోజు లేటు కాలేదు, సార్ ఇక్కడే ఉన్నరు. బతుకమ్మకు మామూలుగ వచ్చే పువ్వుల సగమే వచ్చింది. ఆ సగం అమ్మి పొదుపు కొంత నింపినం. ఇంకా నిండలేదు. ఆ ముగ్గురిల ఒకామె ఇప్పటికీ నాతో సరిగ్గ మాట్లాడదు. ఆమె కోపం నాకు అర్థమైతది.

ఇది మా ఐదుగురి తోట ముచ్చటే అయితే సమాఖ్య టైం తీసుకునేదాన్ని కాదు. మా గోడ ఇవతల ఎంత ఏరినా, అవతలి ఖాళీ ప్లాటుల కంప, ఇటుకల కుప్ప ఉంటే వాన పడంగనే మళ్ళ వస్తయి. 2022 వానాకాలంల మనకు పక్కనే ఉన్న మహారాష్ట్రల లాతూర్, బీడ్ దిక్కు నత్తలు సోయా మొలకలనే తినేసినయి, రైతులు మళ్ళ విత్తనం వేసుకున్నరు. చేనుల వస్తే అంతే. ఒక్క రైతు ఏరితే పక్క చేను నుంచి వస్తది.

ఇప్పుడు ఎండలు మొదలైనయి కాబట్టి ఎక్కడా కనబడవు. పోయినయి అనుకోవద్దు. గుల్ల మూతికి అప్పడం లాంటి తెల్లటి పొర కట్టుకొని, నెలల తరబడి తిండి నీళ్ళు లేకుండ పడుకుంటయి. వాటిని పట్టడానికి ఇదే మంచి టైం, పారిపోవు, గుడ్లు పెట్టవు. ఇటుకల కింద, పగిలిన కుండీల కింద, గోడ మొదట్ల, చెట్టు వేళ్ళ సందుల వెతకాలె. మొదటి వాన పడితే లేస్తయి, ఇంక మన చేతుల ఉండది.

అందుకని మా సంఘం తరఫున సభ ముందు ఒక తీర్మానం పెడుతున్న. మన సమాఖ్యల మొక్కలు అమ్మే సంఘాలు ఎవరైనా కొత్తగ తెచ్చిన మొక్కలను, మట్టిని మూడు వారాలు వేరే పెట్టి, అడుగు చూసినంకనే మిగతావాటిల కలపాలె, అమ్మాలె. గుడ్లు దొరికితే దాచవద్దు, ఆర్పీకి చెప్పాలె. అట్ల చెప్పి అమ్మకం ఆపుకున్న సంఘానికి ఆ సీజన్‌కు సమాఖ్య నిధి నుంచి చేబదులు ఇవ్వాలె, తక్కువ వడ్డీకి. ఈ చివరి ముక్క లేకుంటే మొదటి రెండు కాగితం మీదనే ఉంటయి, నేను మా మీటింగుల కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తున్న. కోశాధికారి అక్క నిధి తక్కువుందని అంటది, నాకు తెలుసు. ఎంత ఇవ్వగలమో ఈ సభలనే తేల్చండి.

చేతులెత్తేది అధ్యక్షురాలు అక్క అడుగుతది. దాని సంగతి ఎట్లున్నా, వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు మా జాగ పక్కనున్న ఖాళీ ప్లాటు శుభ్రం చేస్తున్నం, ఓనర్ ఒప్పుకున్నడు. తట్ట, పార ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. తొడుగులు, ఉప్పు, సున్నం మా దగ్గర ఉన్నయి. చిన్న పిల్లలను మాత్రం ఇంట్లనే ఉంచి రండి.